నరేందరన్న చేసిన ఆఖరి పొడి

నరేందరన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కోడిగుడ్డు పెంకులు కాల్చి నువ్వు చేసిన ఆఖరి పొడిని పోయిన నెల మన పంజాగుట్ట ల్యాబ్‌లో నేనే పరీక్షించాను. ఇలాంటి పొడి కలిపి వాడేసిన వంటనూనెను డీజిల్‌గా మార్చాలని మూడేళ్లు తిప్పలు పడ్డావు కదా, ఈసారి దాదాపు నూనె అంతా మారింది.

మళ్లీ చేద్దామని నీ నోట్‌బుక్ తెరిచాను. ఎంత వేడిలో, ఎంతసేపు కాల్చావో రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. "రేపు రాస్త తియ్, ఫికర్ చెయ్యకు" అన్నావు ఆ రోజు. ఇంటికి పోతూ దారిలో బండి మీంచి పడ్డావు. పోయిన నెల పరీక్షలో ఉన్న కాస్త పొడినీ నేను నూనెలో కలిపేశాను. చిటికెడు దాచి ఉంటే, దాన్ని పరిశీలించి నీ పద్ధతి కొంతైనా పట్టుకునేవాళ్లం. ఆ తప్పు నాదే.

ఇవాళ నీ సంవత్సరీకానికి మధురానగర్ వెళ్లాను. వదిన వచ్చి పక్కన కూర్చుంది.

"ఆయన చేసింది మంచిగ వచ్చిందట కదా, శీనూ?"

"వచ్చింది వదినా."

"ఇగ మీరు సుత గట్లనే చేస్తరు కదా?"

చేస్తామన్నాను. నెల నుంచి రోజూ పెంకులు కాలుస్తున్నా, ఒక్కసారి కూడా రాలేదని చెప్పలేకపోయాను.