పసుపు పడిన పచ్చనీళ్లు

డిగ్నాబాద్, పోర్ట్ బ్లెయిర్
సోమవారం

అప్పకి, బావకి చెల్లెలు పార్వతి దండాలు. మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నిజంగానే బాగున్నాం, కంగారుపడకు.

శుక్రవారం ఓడకి వచ్చేస్తున్నాననీ, వస్తే ఇక తిరిగి వెళ్లననీ రాశాను కదా. ఆ సంగతే చెప్పాలి. మొత్తం చదివాక తిట్టు.

వానలు ఇంకా వదల్లేదు. బట్టలు ఆరవు, నాకు కాలు ఒకచోట నిలవదు. మా ఆయన, అదే మీ మరిది, ఫీనిక్స్ బే నుంచి వేటకి బోటెక్కితే నాలుగు రోజులకి గానీ రాడు. ఆ నాలుగు రోజులూ గుమ్మానికీ పొయ్యికీ మధ్య తిరుగుతూ ఉంటాను. చేప తాజాగానే దొరుకుతుంది కానీ మన చింతపండు లేని పులుసు పులుసే కాదు. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక ముద్ద పంపు.

గరాచర్మలో టీచరు దీదీ ఉన్నారు, మన తెలుగు క్రైస్తవులే. పర్మిషన్ తీసుకుని బడిలో గాజు తొట్టి పెట్టి, మెత్తటి పగడాలూ గుల్లలూ పెంచుతున్నారు. వాటికి తిండి పచ్చనీళ్లు. అంటే కంటికి ఆననంత సన్నటి నాచు పెరిగిన సముద్రపు నీళ్లు. వాటిని పెంచేది నేనే. సముద్రపు నీళ్లు వడగట్టి, కాచి చల్లార్చి సీసాల్లో పోస్తాను. పాత సీసాలోంచి కాస్త విత్తనం కలిపి, నాలుగు చుక్కలు ఎరువు వేసి, గాలి గొట్టం పెట్టి ట్యూబులైటు కింద ఉంచుతాను. వారానికల్లా పెసరపచ్చగా తిరుగుతాయి. సగం దీదీకి, సగం మళ్లీ విత్తనానికి. నా సీసాలు ఎప్పుడూ పాడవకపోయేసరికి ఆవిడ తన దగ్గర పెంచడం మానేశారు.

మొన్న దసరాకి వలకీ తెడ్డుకీ కత్తిపీటకీ పసుపు పెట్టాను. పండగపూట పనిముట్టుని ఒట్టిగా వదిలేయడం మన ఇంటావంటా ఉందా? నా పనిముట్లు ఆ సీసాలే. బయట బొట్టు పెడితే చాలదనిపించింది, ప్రాణం లోపల కదా ఉంది. మూతలు తీసి, గంగమ్మ తల్లిని తలుచుకుని ఒక్కోదాంట్లో చిటికెడు పసుపు వేశాను. మూడో రోజుకి నీళ్లు పాలిపోయాయి, అడుగున మడ్డి దిగింది, ఒకటే కంపు. నాలుగు సీసాలూ పోయాయి.

మీ మరిది చూసి తేలిగ్గా తీసేశాడు. "ఓడెక్కీ. కరెంటు పోయి సచ్చిపోనాయని నాను సెప్తాను. ఎవులడుగుతారు?" అన్నాడు. ఎలాగూ ఊరెళ్లిపోతానని ఏడ్చేది నేనే. ఆ మాటకి సంతోషించాలి కదా, నాకు అన్నం సహించలేదు.

శనివారం బస్సెక్కి గరాచర్మ బడికి వెళ్లాను. తొట్టిలో పగడాలు ముడుచుకుపోయి ఉన్నాయి. పసుపు సంగతీ, ఓడ సంగతీ రెండూ చెప్పేశాను. దీదీ తొట్టి దగ్గరికి వెళ్లి ఆ పగడాలనే చూస్తూ నిలబడ్డారు. తిట్టినా బాగుండేది.

చివరికి అన్నారు: "సచ్ చెప్పావు, అచ్ఛా కియా, నిజం చెప్పడమే మంచిది. గురువారం ఫ్లైట్‌లో మద్రాసు నుంచి కొత్త విత్తనం వస్తోంది. నీ చేతికే ఇస్తాను. నువ్వు ఉంటావా మరి?"

ఉంటాననేశాను. ఎందుకన్నానో బస్సులో కూర్చున్నాక గానీ తెలియలేదు. ఇవాళ టికెట్టు తిరిగిచ్చేశాను. మీ మరిది నాకు మతి స్థిరం లేదన్నాడు, లేదేమో.

ఊరి మీద ధ్యాస పోయిందనుకోకు. ఈ ఉత్తరం మధ్యలోనే రెండుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్లొచ్చాను. కానీ అప్పా, ఈ మూడేళ్లూ నేను ఇక్కడ ఉన్నా లేకపోయినా ఒకటే అనుకున్నాను. నా చేతిలో చచ్చినవాటిని మళ్లీ నా చేతికే ఇస్తానన్నారు ఆవిడ. అది వదిలి రాలేకపోయాను.

అత్తకీ పెద్దలందరికీ నా దండాలు చెప్పు, పిల్లలకి ముద్దులు. నా కొత్త సీసాలు నిలవాలని నువ్వూ ఒకసారి దీవించు. విమానం టపాలో వేస్తున్నాను, ఓడకంటే ముందే అందాలి. వైజాగ్ రేవుకి బావని పంపకు.

నీ చెల్లెలు
పార్వతి