కళ్ళు మూసుకుని గీసిన రొట్టె

ఏప్రిల్ 2
ఈ రోజు నుంచి రోజూ ఒక బొమ్మ. నెల తిరిగేదాకా. ఉన్నది ఉన్నట్టు గీయడానికి ఫోన్లున్నాయి, మీరెందుకని కమోల్ మాస్టారు బొమ్మల క్లాసులో అడిగారు. నిజమే! కాబట్టి నియమాలు: ఉన్నది ఉన్నట్టు గీయకూడదు. చెరపకూడదు. రబ్బరు నా స్నేహితురాలు దిల్నవోజ్‌కి ఇచ్చేశాను. మంచి బొమ్మలు తాష్కెంట్ ప్రదర్శనకు వెళతాయట. నావి వెళతాయి.

ఏప్రిల్ 3
దేన్ని గీయాలి? కోడి నిలబడదు. నానమ్మ కూర్చుంటుంది కానీ మాట్లాడుతుంది. చివరికి గోడ మేకుకు వేలాడే రొట్టె దొరికింది. ఇల్హోమ్ అన్న సైన్యానికి వెళ్ళేరోజు ఒక్క కొరుకు కొరికి వదిలేసిన రొట్టె. మిగతాది తిరిగొచ్చి తనే తినాలి. అది మేకుకు ఉన్నంతకాలం మనిషి తప్పక ఇల్లు చేరతాడని నానమ్మ ధీమా. నాకు నచ్చింది వేరే: రొట్టె కదలదు.
కళ్ళు మూసుకుని గీశాను. అద్భుతం!
ఇది ఒంటె పాదమా అని నానమ్మ అడిగింది.

ఏప్రిల్ 4
ఎడమ చేత్తో, పెన్సిల్ ఎత్తకుండా, ఒకే గీతలో. బొమ్మలో రొట్టెకు నాలుగు కొరుకులు పడ్డాయి. చెరపలేదు.

ఏప్రిల్ 5
మాస్టారు కొత్త మాట చెప్పారు: శూన్యస్థలం. వస్తువును వదిలి, దాని చుట్టూ ఉన్న ఖాళీని గీయాలట. ఎంత మంచి మాట! పులావు తింటూ కూడా అదే మాట అనుకున్నాను. గీయడానికి టైము చాలలేదు.

ఏప్రిల్ 8
మూడు రోజులు గీయలేదు. బద్ధకం కాదు. పరిశీలన.

ఏప్రిల్ 10
పరిశీలనలో తేలింది: గదిలో వెలుతురు చాలదు. నానమ్మ పొరుగింటికి వెళ్ళగానే రొట్టెను మేకు నుంచి దించి పెరట్లో అరుగు మీద పెట్టాను. బొగ్గు ముక్క కోసం లోపలికి వెళ్ళొచ్చాను. అరుగు దగ్గర మా పొట్టేలు నములుతోంది.
వస్తువు లేదు. చుట్టూ ఉన్న ఖాళీ మాత్రం ఉంది.
గీయలేదు.

ఏప్రిల్ 11
నానమ్మ తిట్టలేదు. నిన్న రాత్రి ఖాళీ మేకుకు ఎదురుగా చాలాసేపు కూర్చుంది. తిడితే బాగుండేది. పొద్దున్నే లేచి తందూరులో కొత్త రొట్టె కాల్చింది. కానీ అన్న కొరకకుండా అది అన్న రొట్టె ఎలా అవుతుంది? ఆ కొరుకు అచ్చం అలాగే తీద్దామంది. ఇన్నాళ్ళూ గీశావుగా, తీసుకురమ్మంది.
బొమ్మలు పరిచాను.
"కొరుకు ఏదే?"
"ఇది అనుభూతి, నానమ్మా."
"అనుభూతి ఏ పక్కన ఉంది?"


ఏప్రిల్ 12
అన్న వీడియో కాల్ చేశాడు. నానమ్మ కొత్త రొట్టెను ఫోన్ ముందు పెట్టింది.
"కొరకరా."
"ఇక్కడ అందరూ చూస్తున్నారు నానమ్మా."
"చూడనీ. నోరు బాగా తెరువు."
అన్న గాలిని కొరికాడు. సరిగ్గా అక్కడే నానమ్మ రొట్టె తుంచి, ఆ ముక్క నా నోట్లో పెట్టింది. అటు అన్న ఉత్తినే నమిలాడు, ఇటు నేను నమిలాను.
"ఉప్పు తక్కువైంది," అన్నాడు అన్న.
నిజంగానే తక్కువైంది. నానమ్మ నవ్వింది. ఎందుకు కొరకమందో అన్నకు చెప్పలేదు. పొట్టేలు పేరెత్తలేదు. నా పేరూ ఎత్తలేదు.

ఏప్రిల్ 13
మాస్టారికి నాలుగు కొరుకుల బొమ్మ నచ్చింది. తాష్కెంట్‌కు పంపుతారట. నానమ్మకు చెప్పలేదు.
ఈ రోజు నుంచి రోజూ ఒక బొమ్మ. అన్న వచ్చేదాకా. కొత్త నియమాలు: కళ్ళు తెరిచి గీయాలి. ఉన్నది ఉన్నట్టే గీయాలి. మేకుకు తగిలించిన కొత్త రొట్టెను దించకూడదు.
మొదటి బొమ్మ అయింది. నానమ్మ వెనక నిలబడి చూసింది.
"మీ అన్న నోరు అంత చిన్నదా? చెరుపు."
దిల్నవోజ్ ఇంటికి వెళుతున్నాను, రబ్బరు కోసం.