సిమెంటు సంచుల కింద గోంగూర

మవాలే (గల్ఫ్), ఫిబ్రవరి 1977, శుక్రవారం రాత్రి

ఒళ్ళంతా అలసట, అయినా నిద్ర రావడం లేదు. చలి తగ్గిందని పొద్దున రూమ్ వెనక పెయింటు డబ్బాల్లో పెంచిన మొక్కలు చూశాను. గోంగూర పోయింది, మిరప పోయింది. రాత్రుళ్ళు చలి తగలకూడదని సైట్ నుంచి ఖాళీ సిమెంటు సంచులు తెచ్చి కప్పేవాణ్ణి. వాటి దుమ్ము మంచుకు తడిసి ఆకుల మీద గట్టిపడింది. రోజూ సిమెంటు కలిపేవాణ్ణి, ఆ మాత్రం తట్టలేదు!

పక్క మంచం ఖాదర్ భాయ్ పుదీనా మాత్రం పచ్చగా ఉంది. "నేనేం కప్పలే భాయ్, గాలికొదిలేసిన," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. పోయిన వారమే ఇంటికి ఉత్తరం రాశాను, చలి పోయేదాకా బిడ్డను గడప దాటనివ్వొద్దని...