ఆ రోజు కాగితం మీది వణుకు

జహీరాబాద్,
12-8-1986.

పరిశోధనాధికారి గారికి నమస్కారాలు.

పాత భూకంప రికార్డులు చెడిపోకుండా ఫిలిం మీదికి ఎక్కిస్తున్నామని మీరు రాసిన ఉత్తరం అందింది. 1974 మార్చి 9 నాటి ఇక్కడి కాగితంలో ఇంకే కేంద్రంలోనూ నమోదు కాని ప్రకంపన ఉందని, అది అరుదైనదని రాశారు. అది భూకంపం కాదండి.

అప్పట్లో ఇక్కడి భూకంప యంత్రాన్ని చూసుకునేవాణ్ణి నేనే. మసి పట్టించిన కాగితం మీద సూది గీత గీసేది. అడుగు గట్టిగా పడినా గీత వణికేది కనుక గదిలోకి ఎవరినీ రానిచ్చేవాణ్ణి కాదు. ఆ మధ్యాహ్నం నా భార్య భాగీరథి జొన్నరొట్టెల మూటతో లోపలికి వచ్చింది. కాగితం పాడుచేసిందన్న కోపంతో తోసేశాను. ఆమె యంత్రం దిమ్మెకు తగిలి పడిపోయింది. రిజిస్టరులో ‘స్థానిక ప్రకంపన’ అని రాసి సంతకం పెట్టాను.

భూతద్దంలో చూడండి. మొదటి సన్నటి వణుకు ఆమె నడక. తర్వాతి పెద్దది నేను.

నిన్న ఆమె మీ ఉత్తరంలో ఏముందని అడిగింది. పాత కాగితాలు దాస్తున్నారట అన్నాను.

"నేను పడ్డది గూడ దాస్తరా?" అన్నది.

పన్నెండేళ్లలో ఆ మాట ఎత్తడం అదే మొదలు.

ఆ కాగితాన్ని తీసేయమని అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇప్పుడు అడగను. ఫిలిం తీయించండి. కింద ‘భూకంపం కాదు, కాపలాదారు తన భార్యను తోసిన గుర్తు’ అని మాత్రం రాయించండి.

తలవంచుకుని,
అప్పటి కాపలాదారు