కార్తీకకు క్రెష్‌లో చోటు

పంకజం అక్కకు, నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. ఫోనులో అయితే నీ పక్కనే ఉండే పాప కార్తీక వింటుంది. దానికి ఇంకా చదవడం రాదు గనుక కార్డు రాస్తున్నాను.

మా ఫ్యాక్టరీలో పిల్లలను చూసుకునే క్రెష్ ఉంది. పనిచేసే తల్లులకే అని ఇన్నాళ్ళూ నేను అడగలేదు. మొన్న క్యాంటీన్‌లో మా సెక్షన్ ఆరోగ్యమేరి మేనేజరు ఎదుటే కూర్చుని, "సార్, ఈయన పాపకు ఈడ చోటియ్యండి. తల్లి పోయిన బిడ్డకు ఇంకో తల్లిని యాడ తెచ్చేది?" అంది. రూల్సు చూడాలన్నాడాయన. "చూడండి సార్, చూసి మార్చండి" అంది. అందరూ నవ్వారు, ఆయన కూడా. సోమవారం ఒప్పుకున్నారు. మధ్యాహ్నం పాప పక్కన కూర్చుని తినడానికి నాకు అనుమతి ఇచ్చారు. "జడ మాత్రం నువ్వు ఎయ్యొద్దన్నా, మేముండాం కదా" అంటోంది ఆరోగ్యమేరి. ఇటువంటి మనుషుల మధ్య పని దొరికినందుకు సంతోషంగా ఉంది.

పై నెల మొదటి ఆదివారం పుత్తూరు వచ్చి పాపను తీసుకుపోతాను. నీ దగ్గర లోటు ఉందని కాదు అక్కా. నాకే ఇంట్లో తోచడం లేదు. ముందు దాన్ని అడుగు, రానంటే బలవంతం చేయకు. పప్పులో నెయ్యి వేస్తేనే తింటోందా? దగ్గు తగ్గిందా? బావగారికి నమస్కారాలు. మీ ఇద్దరి దీవెన మా మీద ఉండాలి.

ఒక్క సంగతి తప్పక రాయి. పడుకునేటప్పుడు అమ్మ ఏదని అడిగితే నువ్వేం చెబుతున్నావు? నేనూ అదే చెబుతాను.

తమ్ముడు మునిరాజు,
తిరువొత్తియూరు