రోబో గొంతు ఎవరిదంటే

మంగళవారం, హాలిఫాక్స్, కెనడా

నాకెంతో ఇష్టమైన అమెరికన్ లేట్ నైట్ కామెడీ టీవీ షో ఫ్యాన్ పేజీలో ఇవాళ చదివిన వార్త మనసులోంచి పోవడం లేదు. హోస్ట్ పక్కన కూర్చుని ప్రతి మాటకీ కౌంటర్ వేసే రోబోకి సొంత తెలివేమీ లేదట. తెర వెనక ఒకాయన మైకు పట్టుకుని అప్పటికప్పుడు మాట్లాడతాడట.

ఇక్కడ చదువుకోవడానికి స్టడీ పర్మిట్ అడుగుతూ, ఎందుకు వస్తున్నానో చెప్పిన ఎస్ఓపీలో నా మొదటి పేరా ఆ రోబో గురించే. అలాంటిది తయారుచేయడానికే ఏఐ చదువుతానని రాశాను. చదివినవాళ్లు నమ్మారో నవ్వుకున్నారో గానీ, పర్మిట్ ఇచ్చారు.

రూమ్మేట్ శ్రావణికి చెబితే పడీపడీ నవ్వింది. "అందరికీ తెలిసిందేగా అది. నువ్వొక్కదానివే నమ్మినట్టున్నావ్."

సిగ్గుపడుతూనే పాత ఎపిసోడ్ ఒకటి మళ్లీ పెట్టాను. అందులో హోస్ట్ మాట మధ్యలో తడబడి ఆగిపోతాడు. ఎగతాళి చేయడానికి అంతకన్నా మంచి అవకాశం దొరకదు. రోబో మాత్రం ఎగతాళి చేయకుండా, "మెల్లగా చెప్పు, నాకు కాళ్లు లేవుగా, ఎక్కడికీ పోను" అంటుంది. ఆ మాట అన్నది తెర వెనక ఆయనేనా! శ్రావణి కూడా నవ్వడం ఆపి చూసింది.

రేపు ప్రొఫెసర్‌కి థీసిస్ టాపిక్ చెప్పాలి. యంత్రానికి జోకులు నేర్పగలనేమో. ఎప్పుడు వేయకూడదో ఎలా నేర్పాలో...