బావ పాస్‌పోర్టు

దమ్మాం

అక్కకు తమ్ముడు సాయిలు దండాలు. నువ్వు, బావ, అవ్వ, పిల్లలు అందరూ మంచిగున్నారని అనుకుంటున్నాను. నా పానం బాగానే ఉంది, రంది పెట్టుకోకు. ఫోన్ చేస్తే మంచం మీద స్పీకర్ పెట్టి వాడకట్టంతా వింటారు కదా, అందుకే ఈ కాగితం. సెలవు మీద వస్తున్న బీర్కూర్ లింగన్న చేతికిస్తున్నాను. నువ్వొక్కదానివే చదువు.

ఇక్కడ ఎండ ఇంకా తగ్గలేదు. కొత్త బిల్డింగుల్లో టైల్స్ వేస్తున్నాను. రెండు పూటలా రొట్టె, పప్పు. నీ చేతి పచ్చిపులుసు మీదికి మనసు పోతోంది. లింగన్న మళ్లీ వచ్చేటప్పుడు జర ఎల్లిపాయ కారం పంపు.

బావ రైసుమిల్లు పని మానేసి, నన్ను పంపిన ఏజెంటుకే పాస్‌పోర్టు ఇచ్చాడని మొన్న ఫోన్‌లో విన్నప్పటి నుంచి నాకు బుగులు పట్టుకుంది. "బామ్మర్ది ఉన్నడు, నాకేం భయం" అంటున్నాడట. తప్పు నాదే అక్కా. వీడియోకాల్ చేసిన ప్రతిసారీ మా గది కిందనే ఉన్న ఏసీ దుకాణంలో నిలబడి చేశాను. "రాజా లెక్క ఉన్న బావా" అన్నాను. నెలనెలా పంపిన పైసలు చూసి మీరూ నమ్మారు.

నాది ఆజాద్ వీసా. ఎక్కడైనా పని చేసుకోవచ్చని ఏజెంటు చెప్పాడు. కానీ కాగితం మీద నాకో యజమాని ఉన్నాడు. ఇక్కడ ఉండటానికి కావలసిన అకామా కార్డు ఏటా ఆయనే కొత్తది చేయించాలి. ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. కార్డు గడువు దాటిపోయింది. పోలీసు బండి వచ్చిందంటే మేస్త్రీ మమ్మల్ని సగం కట్టిన బాత్రూంలోకి తోసి బయట గొళ్లెం పెడతాడు. మొన్న ఆరుగురం దగ్గు కూడా మింగుకుని నిలబడ్డాం. రోడ్డు దాటితే చెకింగ్ అని మంగలి దుకాణానికి కూడా పోవడం లేదు. "జుట్టేంది బిడ్డా, గట్ల పెంచినవ్?" అని అవ్వ అడిగితే "గిదే ఫ్యాషన్ అవ్వా" అన్నాను. మీరందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఏజెంటు బావకు ఇస్తానంటున్నదీ అదే వీసా. రేపే పోయి పాస్‌పోర్టు వెనక్కి తీసుకో. ఇచ్చిన అడ్వాన్సు పోతే పోనీ. "బామ్మర్ది ఓర్వలేక ఆపుతుండు" అంటాడు, అననీ. నా మీద ఎంత కోపమొచ్చినా ఆయన నీ కళ్లముందు ఉంటాడు.

కార్డు లేని నేను ఇంటికి రావాలంటే రాజధానిలో ఉన్న మన ఎంబసీకి పోవాలంటున్నారు. అంత దూరం చెకింగులు దాటి పోవడానికి ధైర్యం చాలడం లేదు. చాలా భయంగా ఉంది అక్కా. నీకు కాక ఎవరికి చెప్పుకోను? అవ్వకు మాత్రం నేను మంచిగున్నానని చెప్పు. నా తరఫున ఆమె కాళ్లు మొక్కు. పిల్లలకు ముద్దులు.

బావ ఎంతకీ వినకపోతే ఇదొక్కటి చెప్పు. ఆయన ఇక్కడ విమానం దిగిన రోజు, ఎయిర్‌పోర్టు దాకా వచ్చి ఎదురుచూసే దారి కూడా నాకు లేదు.

నీ దీవెన కోరే తమ్ముడు
సాయిలు